నడిమి గడి

పొద్దున ఆమె గిన్నెలు తోముతుండగా హాల్లోంచి మొగుడి గొంతు వినిపించింది. "ఇదిగో, రేపు తనిఖీ వాళ్ళ ముందు వెబ్ ఇంజినీరింగ్ క్లాసు నేను చెప్తున్నా. నువ్వు వెనక బెంచీలో కూర్చో. నేనెక్కడైనా తడబడితే ఫోన్‌కి మెసేజ్ పెట్టు."

కాలేజీలో మేడమ్, ఇంట్లో ఇదిగో. ఆయన డిపార్ట్‌మెంటు హెడ్. ఆ పాఠాలన్నీ మొదటి నుంచీ తయారు చేసింది ఆమె. ల్యాబ్‌లో కళ్ళు పీక్కుపోయేలా పిల్లల తప్పులు వెతికేదీ ఆమే. కోర్సు పేజీ మీద మాత్రం ఆయన పేరు. సొమ్మొకడిది, సోకొకడిది. అదేమిటని అడిగితే, మొగుడూ పెళ్ళాలకి రెండు పేర్లెందుకని నవ్వేశాడు. ఆ ఒక్క పేరూ ఆమెది ఎందుకు కాకూడదో మాత్రం చెప్పలేదు.

అత్తగారిదీ ఒక మెప్పుంది. వచ్చిన వాళ్ళందరితో, మా కోడలు ఇంట్లో ఉన్నట్టే తెలీదమ్మా, అంటుంది. కొత్తలో ఆ మాటకి ఆమె పొంగిపోయేది. తను జ్వరంతో మంచమెక్కిన నాడు మాత్రం అదే అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, ఈ ఇంట్లో మంచినీళ్ళిచ్చే దిక్కే లేదా అని గోడలకి చెప్పింది.

ఆ రోజు క్లాసులో తెర మీద మూడు గడులు ఒకదాని కింద ఒకటి పెట్టింది. నడిమి గడిని దాచమని కోడ్‌లో ఒక మాట రాసింది. గడి మాయమైంది గానీ దాని చోటు అలాగే ఉంది. కింది గడి కదల్లేదు. ఆ మాట చెరిపి ఇంకోటి రాసింది. ఈసారి గడితో పాటు చోటూ పోయింది. కింది గడి ఎగిరొచ్చి పైదాన్ని గుద్దుకుంది.

ముందు వరసలో అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, ఎలాగూ కనపడనప్పుడు ఆ చోటు పట్టుకుని ఉండటం దేనికి?"

"మిగతావి చెదిరిపోకుండా," అంది. అని ఆగిపోయింది. ఏటా చెప్పే పాఠమే. ఏటా పిల్లలకే చెప్పింది.

సాయంత్రం కుక్కర్ పొయ్యి మీద పెట్టి, హాల్లోకి వచ్చి సోఫాలో కూర్చుంది. ఆయన ఆమె పాఠాన్ని ల్యాప్‌టాప్‌లో తిప్పుతూ, ఈ దాచే పద్ధతులు రెండిటికీ తేడా ఏమిటని అడిగాడు.

"మొదటి దాంట్లో మనిషి కనబడదు. కానీ ఉంటుంది."

"మనిషేంటి?"

"గడి. రెండోది రేపు మీకే తెలుస్తుంది. నేను రావట్లేదు. సెలవు."

ఆయన ల్యాప్‌టాప్ మూశాడు. "నా పరువు తియ్యాలనా? ఆ సెలవు మీద నేను సంతకం పెట్టను."

"పెట్టకండి. రాకపోవడానికి సంతకం దేనికి?"

వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. ఆగి మళ్ళీ పెట్టింది. గదిలోంచి అత్తగారు విసుక్కుంది. "కూతలు కూస్తుంటే వినపడదా? ఎవరూ లేరా ఇంట్లో?"

"లేరత్తయ్యా," అంది ఆమె, కూర్చున్న చోటు నుంచే.