దుప్పటికి అవతలి కొస

ఆసుపత్రి లాండ్రీలో ఎప్పుడూ ఆవిరే. అందులో మనుషులు కాస్త కరిగిపోయినట్టు కనిపించేవారు. ఆ తెల్లటి మసకలో తోడికోడళ్ళిద్దరూ చెరో కొసా పట్టుకుని దుప్పట్లు మడతపెట్టేవారు. దులిపి, దగ్గరికి వచ్చి, కొసలు కలిపి, మళ్ళీ దూరం జరిగేవారు. వేళ్ళు తగిలేవి గాని మాటలుండేవి కావు. వేరు కాపురాలు పెట్టిననాడు అనుకున్న మాటలు ఇద్దరి మధ్యా ఇంకా అడ్డంపడే ఉన్నాయి.

ఒకరోజు దుప్పట్లు మడతపెట్టే రోబో వచ్చింది. కొన్నాళ్ళు గోడవార నిలబడి పెద్దామె పనిచేసే తీరంతా చూసి నేర్చుకుంది. తర్వాత పెద్దామెను చిరుగులు కుట్టే గదికి మార్చారు.

రోబోతో మొదటిసారి మడతపెట్టినప్పుడు చిన్నామెకు నిద్రలో నడుస్తున్నట్టుంది. దుప్పటి గాలి నింపుకుని మేఘంలా ఉబ్బింది. అవతల ఉన్నది యంత్రమే అయినా, తెలిసిన చెయ్యేదో లాగుతున్నట్టు అనిపించింది. కొసలు కలిపేచోట అది నడుము వంచి, బాగా కిందికి దిగి ఆగింది.

చూడ్డానికి వచ్చిన మెకానిక్ నొసలు చిట్లించాడు.

"ఇదేంటమ్మా, ప్రతిసారీ ఇంత వంగుతోంది? ఉండండి, సరిచేస్తాను."

"పాడైందా?"

"పాడవలేదు. నేర్పినావిడ అలా వంగేదన్నమాట. ఆవిడకి నడుంనొప్పేమో."

"నడుంనొప్పి ఉన్నవాళ్ళు వంగరు కదండీ," అంది చిన్నామె. అంటూనే ఆగిపోయింది.

తడినేల మీద జారిపడ్డప్పటి నుంచి ఆమె కుడిచెయ్యి భుజం దాటి లేవదు. పని పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఒక మనిషి చూసింది. చూసి, ఆ చెయ్యి పైకి లేపే పని లేకుండా రోజూ వంగింది.

"దాన్ని అలాగే ఉండనివ్వండి," అని చెప్పి, ఆవిరిలోంచి నడుచుకుంటూ కుట్టుగదికి వెళ్ళింది.

కిటికీ వెలుగులో పెద్దామె దిండు గలీబు కుడుతోంది.

"అక్కా." తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "నా భుజం సంగతి నీకెప్పుడు తెలిసింది?"

పెద్దామె తలెత్తకుండా దారం కొరికింది. "పడ్డరోజే. చెప్తావేమోనని చూశాను. నువ్వు నోరు విప్పితేగా."

"నువ్వు విప్పావా మరి?"

పెద్దామె సూదిలోకి మళ్ళీ దారం ఎక్కించింది.

"ఆ యంత్రం సరిగ్గా పట్టుకుంటోందా?"

"పట్టుకుంటోంది. మాట్లాడదు, అంతే."

"అయితే నీకు పెద్ద తేడా తెలిసుండదులే."

ముందు చిన్నామెకే నవ్వొచ్చింది. పెద్దామె పెదవి బిగబట్టుకుంది గాని ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే పక్క కుర్చీ మీది గలీబులు తీసి ఒళ్ళో పెట్టుకుని, కూర్చోమంది.