ఏడు రోజుల ఎడం

పశువులకొచ్చే గాలికుంటు వ్యాధి వైరస్ మీద ఇరవై రెండేళ్లు పనిచేసిన డాక్టరమ్మ మెడకు ఒక నియమం చుట్టుకుని ఉండేది. ఆమె పనిచేసే ప్రయోగశాలలో అడుగుపెట్టిన మనిషి ఏడు రోజులపాటు ఆవు, గేదె, మేక, పంది, గిట్టలు చీలిన ఏ జీవం దరిదాపులకూ పోకూడదు. బయటికి వచ్చేటప్పుడు తలస్నానం చేయాలి, ముక్కు చీదుకోవాలి, కళ్లజోడు మందునీళ్లలో ముంచాలి. అంత చేసినా ఆ ఏడు రోజులు ఏడు రోజులే.

ఆమె అన్నదేమో పాడి. నలభై రెండు ఆవులు, ఇంటి వెనక గోడకు ఆనుకునే షెడ్డు.

అందుకని పుట్టింటికి వెళ్లాలంటే రెండు వారాల సెలవు కావాలి. మొదటి వారం అద్దెగదిలో గోడలు చూస్తూ కూర్చోవాలి, రెండో వారం బస్సెక్కాలి. "మా ఆవులకన్నా నీకే కడుగుడు ఎక్కువ" అని అన్న నవ్వేవాడు. మొదట్లో ఏడాదికి రెండుసార్లు వెళ్లేది. పని పెరిగేకొద్దీ సెలవు తరిగింది. మేనకోడలు పుట్టినప్పుడు ఎక్కడో వ్యాధి రేగి నమూనాలు పెట్టెలకొద్దీ వచ్చిపడ్డాయి. పిల్లను ఎనిమిదో నెలలో మొదటిసారి ఎత్తుకుంది. పెళ్లి మాటలు రెండు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయాయి. తోటివాళ్లు మంచివాళ్లే కానీ, అయిదయితే ఎవరి గూటికి వాళ్లు. ఆమెకు కణాలు పెంచే సీసాలే సంసారం. ఆదివారాలూ వాటికి తిండి మార్చాలి.

ఒక సోమవారం అంకె మాత్రమే రాసి ఉన్న సీసా వచ్చింది. లోపల ఏదో ఆవు నాలుక మీది బొబ్బ పొర. మధ్యాహ్నానికి వ్యాధి ఖాయమైంది. సంతకం పెట్టడానికి కాగితం తెరిస్తే అందులో అన్న చిరునామా ఉంది.

లేచి డైరెక్టరు గదికి వెళ్లి, అది తన అన్న పాడి అని చెప్పింది. వైరస్ ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చే పని ఆయన వేరొకరికి అప్పగించాడు. అధికారులు చెప్పేదాకా ఇంటికి ఫోన్ చేయొద్దన్నాడు. ఆమె చేయలేదు.

సాయంత్రం అన్నే చేశాడు.

"చిట్టీ, ఒక్కటి అడుగుతాను. ఇది మీ దగ్గర్నుంచి వచ్చిందా?"

ఆమె ఆ గడప తొక్కి రెండేళ్లయింది. ఆ మాట అనవచ్చు. అనలేదు.

"తెలీదన్నయ్యా. మూడు రోజుల్లో తెలుస్తుంది."

ఆ మూడు రోజులూ చేసిన ప్రతి స్నానాన్నీ, తీసిన ప్రతి చేతితొడుగునూ తలచుకుంటూ గడిపింది. నాలుగో పొద్దున ఫలితం వచ్చింది. ఆ ప్రయోగశాలలో ఏనాడూ లేని రకం. పశువుల లారీ చక్రాలకు అంటుకుని దూరాన్నుంచి వచ్చి ఉండాలి. వెంటనే అన్నకు చెప్పింది.

"నువ్వు కాదని తెలుసు. తెలిసీ అడిగాను. మనసులో పెట్టుకోకు."

అప్పటికే, వ్యాధి ఊళ్లకు పాకకుండా, అధికారులు నలభై రెండింటినీ చంపి పూడ్చేశారు.

ఇక రోజులు లెక్కపెట్టే పని లేదు. శనివారం ఆమె బస్సెక్కింది. వదిన భోజనం పెట్టింది గానీ పెదవి విప్పలేదు. తెల్లవారుజామున నాలుగింటికి అన్న అలవాటు కొద్దీ లేచి, ఖాళీ షెడ్డులోకి వెళ్లి నిలబడ్డాడు. ఆమె వెనకే వెళ్లింది.

"ఎలా ఉంటుంది అది?" అని అడిగాడు. "నువ్వు చూస్తావుగా."

బోర్లించిన పాల క్యాను మీద కూర్చుని చెప్పింది. వైరస్ కంటికి కనిపించదనీ, అది చేసిన చేటే కనిపిస్తుందనీ, సాయంత్రం సీసా అడుగున నారుమడిలా ఒత్తుగా ఉన్న కణాలు తెల్లారేసరికి చెల్లాచెదురై తేలుతుంటాయనీ. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో ఆమె పని గురించి అడిగిన మనిషి లేడు. అన్న చివరిదాకా విని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆపైన ప్రతి శనివారం వెళ్లింది. మూడోసారికి వదిన నోరు విప్పింది. మేనకోడలు తన మంచం మీద సగం చోటిచ్చి, మిగతా సగం కూడా నిద్రలో లాక్కునేది.

అయిదో నెలలో అన్న ఫోన్ చేసి, మళ్లీ పశువుల్ని పెట్టుకోవడానికి అనుమతి వచ్చిందనీ ఎనిమిది పెయ్యల్ని చూసి పెట్టాననీ చెప్పాడు. తెచ్చేముందు తనను అడగాలనిపించిందట.

"తెచ్చుకో అన్నయ్యా. షెడ్డు అలా ఖాళీగా ఉంటే నువ్వు మామూలు మనిషివి కాలేవు."

"మరి నువ్వో?"

"సెలవు పెట్టుకుని వస్తాలే."

సెలవు దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది.