సమ్మెట కింద చేతులు

ఆ సోమవారం పొద్దున సాగర్ వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. మాచర్ల దాకా వచ్చి, ఇక కురుస్తుందనుకున్న వేళ ఒక్క చినుకైనా రాల్చకుండా విడిపోయింది. ఆ వెనకే ఎండ కాసింది.

ఆదెయ్య నాపరాళ్ళ క్వారీలోకి దిగేసరికి పని మొదలు కాలేదు. బాబూరావు ఒక్కడే సమ్మెట పట్టుకుని బండ మీద నిలబడి ఉన్నాడు. ఉలి అతని కాళ్ళ దగ్గర పడి ఉంది. కోటేశ్వరరావు, వెంకటకృష్ణ ఎడంగా కూర్చుని ఉన్నారు. ఆ నలుగురూ ఏళ్ళ తరబడి ఒకే జట్టు.

"ఏందిరా, కూర్చున్నారు? మొదటి వంతు నీదేగా కోటేశ్వరరావూ?"

"నేను ఉలి పట్టను బాబాయ్. ఈ చేతులతో నాకు చానా పనుంది."

వెంకటకృష్ణ నవ్వాడు. "ఏం బాబూ, ఇయ్యాల ఎన్ని ఉలులు కనపడతన్నయ్? రెండు కనపడితే ఎడం పక్కది కొట్టు. కుడి పక్కది మా వేళ్ళు."

బాబూరావు వాళ్ళ వైపు చూడలేదు. ఆదెయ్యనే చూస్తున్నాడు.

ఈ పని ఎరగని పాఠకులకు ఒక్క మాట చెప్పాలి. బండ చీలాలంటే ఒకడు గీత మీద ఉలి నిలబెట్టి పట్టుకోవాలి, ఇంకొకడు దాని తల మీద సమ్మెట వెయ్యాలి. కొట్టేవాడు "పెట్టావా?" అని అడగాలి. పట్టినవాడు "కొట్టు" అనాలి. ఆ రెండు మాటలూ లేకపోతే చేతులు ఉండవు.

ఆరు నెలల కిందట బాబూరావు తాగి వచ్చి, అడగకుండానే కొట్టాడు. ఆదెయ్య ఎడమచేతి చిటికెనవేలు ఆనాటి నుంచి వంగదు. అయినా ఆదెయ్య అతన్ని వదల్లేదు. చర్చి సంఘంలో పెద్ద కనుక వదలడం తప్పనుకున్నాడు. తానే వెంటబెట్టుకుని నరసరావుపేటలో మందు మాన్పించే ఆసుపత్రిలో చేర్చాడు. నెల తిరిగాక తీసుకొచ్చి మందిరంలో తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకున్నాడు. జట్టు వాళ్ళు జంకితే, "ముందు నా చెయ్యి పెడతా, చూసి మీరు పెట్టండి" అన్నాడు. అయిదు నెలలు ఒక్క దెబ్బ తప్పలేదు.

మొన్న శనివారం సాయంత్రం ఆదెయ్య గేదెలకు మేత వేస్తుంటే బాబూరావు దొడ్లోకి వచ్చాడు. గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"మామా, నిన్న తాగా. కొంచెమే. మిగతాది పారబోసా. ఇంట్లో కొండమ్మకి కూడా చెప్పలా. సోమవారం నువ్వు ఉలి పట్టేముందు నీకు తెలియాలని చెప్తన్నా."

ఆదెయ్య చేతిలో మేత చేతిలోనే ఉండిపోయింది. నిన్న అంటే శుక్రవారం. ప్రతి శుక్రవారం ఇతని కోసమే ఆదెయ్య ఉపవాసం ఉంటున్నాడు. తాను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా మోకాళ్ళ మీద ఉన్న పూటే వీడు సీసా మూత తీశాడు! నా చిటికెనవేలు ఇచ్చాను, ఇంకేం ఇవ్వను? నమ్మినవాణ్ణి ఇంత మోసం చేస్తాడా? మేత అక్కడే పడేసి ఆదెయ్య లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆరాధనలో పాస్టరుగారు ప్రార్థన మనవులు అడిగారు. ఆదెయ్య లేచి మైకు అందుకున్నాడు. "మా జట్టులో బాబూరావు మళ్ళీ తాగుడులో పడ్డాడు. అందరూ భారంగా ప్రార్థన చెయ్యండి" అన్నాడు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న బాబూరావు భార్య కొండమ్మ చెంగు మొహం మీదికి లాక్కుంది. మందిరం పైన కట్టిన మైకు గొట్టం ఆ మాటను మూడు బజార్ల అవతలికి మోసుకుపోయింది.

ఇప్పుడు క్వారీలో ఆదెయ్యకు కోపమే ముందు వచ్చింది. "నన్నేందిరా అట్టా చూస్తావు? మోసపోయింది నేను."

"నువ్వు చెంప పగలగొట్టినా పడేవాణ్ణి మామా," అన్నాడు బాబూరావు మెల్లగా. "నీ ఒక్కడికి చెప్పుకున్న మాట ఊరికి చెప్పావు."

"ప్రార్థన చెయ్యమని చెప్పానురా!"

"దేవుడికి మైకు కావాలా? రాత్రంతా కొండమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆమెకి నేను చెప్పాల్సిన మాట గొట్టం చెప్పింది." సమ్మెట బండ మీద పెట్టాడు. "ఇంకెప్పుడూ ఎవరికీ ఏదీ చెప్పను. తాగినా చెప్పను."

రోడ్డు వైపు నడిచాడు. ఆ రోడ్డు చివర ఏ కొట్టు ఉందో అక్కడున్న అందరికీ తెలుసు.

ఆదెయ్య వంగని వేలు వైపు చూసుకున్నాడు. 'నువ్వు ఉలి పట్టేముందు నీకు తెలియాలని.' శనివారం ఆ మాట చెవిన పడింది కానీ లోపలికి పోలేదు. తాగానన్న మాట ఒక్కటే వినిపించింది. వాడు వచ్చింది దాచుకోలేక కాదు, ఆదెయ్య చేతుల కోసం. 'పెట్టావా?' అని అడగడానికే వచ్చాడు.

"బాబూ, ఆగరా!" అరిచాడు ఆదెయ్య. అటు తిరిగి మిగతా ఇద్దరితో అన్నాడు: "వీడు తాగాడు. తాగానని వాడే వచ్చి చెప్పాడు, నా వేళ్ళు మళ్ళీ పోకూడదని. ఆ నిజాన్ని నేను మైకులో పెట్టా. మానుకునేవాడు పడతాడు. పడ్డప్పుడు నిజం చెప్పుకోడానికి ఒక్క చోటన్నా ఉండాల. ఆ చోటు మూసినవాడు ఎంత ప్రార్థనాపరుడైనా సీసా అందించినవాడితో సమానం. నేనే వాడికి సీసా అందించా."

వచ్చి బండ మీద కూర్చుని ఉలి నిలబెట్టాడు. "రారా. కొట్టు."

బాబూరావు వెనక్కి వచ్చాడు. కానీ సమ్మెట ముట్టుకోలేదు. "ఇయ్యాల కొట్టను. చేతులు వణుకుతన్నయ్. మందుతో కాదు, నీ మీద కోపంతో."

"సరే" అన్నాడు ఆదెయ్య. అంతకంటే అడిగే హక్కు తనకు లేదనిపించింది.

కోటేశ్వరరావు లేచి సమ్మెట తీసుకున్నాడు. బాబూరావు గడ్డపార పట్టి బండలు లేపాడు. మధ్యాహ్నం దాకా ఎవరూ ఎవరినీ ఎత్తిపొడవలేదు.

అన్నం వేళ ఆదెయ్య క్యారేజీ విప్పి రోజూ పెట్టే చోటే మధ్యలో పెట్టాడు. అన్నం, గోంగూర, రెండు ఉల్లిపాయలు. అన్నం ముందు పైకి వినపడేలా ప్రార్థన చేసే మనిషి ఆ పూట పెదవి కదపలేదు. దేవుడికి చెప్పవలసింది లోపలే చెప్పుకున్నాడు. బాబూరావు చెయ్యి చాలాసేపు రాలేదు. తర్వాత వచ్చింది. నలుగురూ ఒకే క్యారేజీలో తిన్నారు.