మారిన నంబరు ప్లేటు

అన్నం తిని వచ్చేసరికి లారీ నంబరు మారిపోయింది.

పొడుగు డ్రైవరు బండి చుట్టూ తిరిగి చూశాడు. అద్దం మీద పగులు అదే. సీటు మీద తను పరుచుకున్న తువ్వాలు అదే. పొద్దున పొగ పరీక్షకు తీసుకెళ్లి, పాసు చేయించుకొచ్చిన బండి ఇదే. ప్లేటు మాత్రం షెడ్డు వెనక పడి ఉండే ముసలి బండిది. అది కదిలితే చాలు, పొగకి వెనక వచ్చేవాడికి దారి కనపడదు.

డీజిలు లారీలన్నిటికీ పొగ ఫిల్టరు ఉండాలని రూలు వచ్చి రెండేళ్లయింది. దానివల్ల గాలి నిజంగా బాగుపడిందో లేదో తేల్చడానికి ఈ వారం ప్రతి షెడ్డు నుంచీ కొన్ని బండ్లను పిలిచి పరీక్షిస్తున్నారు. ఈ షెడ్డులో అసలైన ఫిల్టరున్నది ఈ ఒక్క బండికే. మిగతావాటికి పైకి డబ్బా కనిపిస్తుంది, లోపలంతా డొల్ల.

“ఇదేంటి సారూ, నంబరు?” అని మేనేజరునడిగాడు.

“ముసలిదాని బదులు మళ్లీ దీన్నే పరీక్షకు తీసుకెళ్లు. నీ పని స్టీరింగుతో. నంబరుతో నీకెందుకు?” మేనేజరు నవ్వుతూనే అన్నాడు. “ఈ వారం గట్టెక్కితే మన జోలికి ఎవడూ రాడు. లేదంటావా, పాత బండ్లన్నీ తుక్కుకి పోతాయి. వాటి వెనకే మీరూ.”

పక్కనున్న డ్రైవర్లు ఎటో చూస్తూ నిలబడ్డారు. ఒకడు మాత్రం, “ఊరుకోరా, పిల్లలున్నవాళ్లం,” అని గొణిగాడు.

లారీలు నిలిచే చోటే బస్తాలు కుడుతున్న పొడుగు డ్రైవరు భార్య లేచి వచ్చింది. మూతికి కట్టుకున్న గుడ్డ ముక్కుల దగ్గర నల్లబడింది.

“గాలి బాగుపడిందని రాసుకుంటారన్నమాట! మరి నా దగ్గు ఎక్కడిదంటారో?”

“నెమ్మదిగా మాట్లాడవే.”

“పొద్దున నడిపావే, అప్పుడున్నది ఈ బండి సొంత నంబరేనా?”

“పొద్దున ప్లేటు వంక చూడనేలేదు,” అన్నాడతను. ఆ మాట ఆమె నమ్మినట్టు లేదు. దగ్గుకుంటూ వెళ్లి సూది అందుకుంది.

అతను ఆ లారీ తోలుకుని పరీక్ష కేంద్రానికి వెళ్లేసరికి మేనేజరు ముందే చేరుకున్నాడు. పెద్దాఫీసరు పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. పొగ గొట్టంలో పెట్టే మెషిను పట్టుకుని ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ లారీ దగ్గరికి వచ్చింది.

“ఈ బండి పొద్దున వచ్చింది కదూ?”

తెలిసి అడుగుతోందా? లేక తన నోట అబద్ధం పలికించి తననే ఇరికిస్తుందా? అతనికి అంతుపట్టలేదు.

“ఇంజను రేజ్ చెయ్యండి,” అందామె.

అతను తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. “ఈ నంబరుతో చెయ్యను మేడమ్. బండి ఒకటి, ప్లేటు ఒకటి.”

ఆమె చప్పున టీ తాగుతున్నవాళ్ల వైపు చూసింది. “గట్టిగా అనకండి,” అంది గొంతు తగ్గించి.

అది తన మంచికో, వాళ్ల మంచికో అతనికి తెలియలేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, వెనక వరసంతటికీ వినపడేలా మళ్లీ అన్నాడు.

టీ గ్లాసు కింద పెట్టి మేనేజరు లేచాడు. వరసలో ఎక్కడో ఇంకో ఇంజను ఆగింది. ఎవరైనా కావాలని ఆపారో, దానంతటదే ఆగిపోయిందో!