జానీకి గోడ

సిమెంటులో నీళ్లు ఎక్కువయ్యాయి. గంగుబాయి తాపీతో ఎత్తిన మాలు అంబలిలా జారి మళ్లీ తట్టలో పడింది. ఇంకో దోసెడు సిమెంటు వేసింది. ఈసారి ఉండలు కట్టింది. తాపీ పక్కన పడేసి చేతులతోనే పిసకడం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి పగుళ్లు బారిన వేళ్ల కొసలు సిమెంటుకు భగ్గుమన్నాయి.

"ఇసుక తక్కువైందే," అన్నాడు ఆమె మొగుడు ముత్తన్న లోపలి నుంచి.

అతని మంచం కిటికీ పక్కనే ఉంటుంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి కుడిచెయ్యి, కుడికాలు ఆడవు. మూతి ఒక పక్కకు లాగేయడంతో మాట ముద్దగా వస్తుంది. ఆ ముద్దమాటలు గంగుబాయికి తప్ప ఇంకెవరికీ అర్థం కావు. తనకూ అర్థం కాకపోతే బాగుండునని ఆమె పొద్దుటి నుంచి అనుకుంటూనే ఉంది.

"నీకేం ఎర్క? నువ్వెన్నడన్న గోడ కట్టినవా?"

"కట్టంగ సూసిన."

"సూసినోడివి సూసుకుంట పండుకో."

నిమ్మచెట్టుకు కట్టేసిన జానీ ఈ కేకలకు తల ఎత్తి, మళ్లీ ముందుకాళ్ల మీద పెట్టుకుంది. మూతి నెరిసిన ముసలి కుక్క. ముత్తన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బస్తాలు మోసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక పసుపు గోదాముకు కాపలా ఉన్నాడు. అక్కడ పిల్లగా ఉన్నప్పుడు వెంటపడి వచ్చింది ఇది. ఇంట్లో ఉప్పు నిండుకున్నా దీనికి మాత్రం రోజూ బన్ను తెచ్చేవాడు.

కిందటి వారం పక్కింటి రాజేశ్వర్ మనవరాలు హర్షిణి బంతి కోసం వాకిట్లోకి వస్తే జానీ పిక్క పట్టుకుంది. పిల్లకు సూదులు వేయించారు. రాజేశ్వర్ గొడవకు వస్తాడని గంగుబాయి నడుం బిగించుకుని కూర్చుంది. అతను గొడవ పడలేదు. గేటు దగ్గరే నిలబడి, "ఐతారం దాక సూస్త అక్కా. దానికో జాగ కట్టు. లేకుంటె కుక్కల బండి పిలిపిస్త, పట్కపోతరు," అని వెళ్లిపోయాడు. అతను తిట్టి ఉంటే తనూ తిట్టి ఉండేది. పిల్ల కాలికి కట్టు చూశాక ఏమీ అనలేకపోయింది. ఆ కోపం ఎటూ పోలేక లోపలే ఉండిపోయింది.

మేస్త్రి భాస్కర్‌ను అడిగితే నవ్వాడు. "కుక్క గూడుకు మేస్త్రి ఎందుకక్కా? నాలుగు రేకులు పాతెయ్యి," అన్నాడు. రేకుల కింద మన్ను తోడుకుని జానీ ఒక్కపూటలో బయటపడుతుంది. ఇవాళ ఆదివారం. అందుకే బీడీల చాట పక్కన పెట్టి తాపీ పట్టింది.

ఇటుకల కోసం వెతుక్కోనక్కర్లేదు. సిమెంటు ఇటుకలు ఇంటి వెనక కుప్పగా ఉన్నాయి, నాచు పట్టి, సందుల్లో తేళ్లు కాపురం పెట్టి. అవి తానాల గది కోసం ముత్తన్న తెచ్చినవి. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో తెచ్చాడు. వచ్చే నెల కడతానన్నాడు. వానలు పోనీ అన్నాడు. చెరుకు సీజన్ అయిపోనీ అన్నాడు. తర్వాత ఏమీ అనడం మానేశాడు. ఆమె రెండు గుంజలకు కట్టిన పాతచీర చాటున నీళ్లు పోసుకునేది. ఇల్లు ఫ్యాక్టరీ రోడ్డు మీదే. చెరుకు లారీల డ్రైవర్లు ఎత్తు మీద కూర్చుంటారు, వాళ్లకు చీర అడ్డం కాదు. లారీ మోత వినబడితే గంగుబాయి చెంబు వదిలేసి, మోకాళ్ల మధ్య తల దాచుకుని, అది పోయేదాకా తడి ఒంటితో ముడుచుకుని కూర్చునేది. ఒక్కోసారి లారీ ఆగి హారన్ కొట్టేది.

ఆ ఇటుకలే ఇప్పుడు ఒక్కొక్కటీ మోసుకొచ్చి కుక్కకు గోడ కడుతోంది.

ఒకవైపు ప్రహరీ, ఒకవైపు ఇంటి గోడ ఉన్నాయి. ఇంకో రెండు పక్కలు లేపితే చాలు. మూడో వరుస పెట్టి చెమట తుడుచుకుంటుంటే, పొడుగు గోడ కడుపు ముందుకు వచ్చినట్టు ఉబ్బి, దబ్బున కూలిపోయింది. ఒక ఇటుక ఆమె కాలి బొటనవేలి మీద పడింది.

"ఒకదాని మీదొకటి నిలువుగ పెడ్తె పడక ఏమైతది?" అన్నాడు ముత్తన్న. "కింది రెండిటి నడుమ మీద పైది రావాలె."

ఈసారి అతను చెప్పింది నిజం. అందుకు ఇంకా మండింది. కుంటుతూ వెళ్లి కూలిన ఇటుకను కాలితో తన్నబోయి, అదే వేలని గుర్తొచ్చి ఆగింది.

ప్రహరీ మీదుగా రాజేశ్వర్ తల కనిపించింది. "పడ్డదా అక్కా?"

"పడ్డది. పండుగ చేస్కో."

అతను లోపలికెళ్లి ఒక సుతిలి ఉండ తెచ్చి గోడ మీద పెట్టాడు. "రెండు మూలలకు గుంజి కట్టు, వంకర పోదు," అని తల దించుకుని వెళ్లిపోయాడు. గంగుబాయి దానివంక చాలాసేపు చూడలేదు. తర్వాత తీసుకుంది.

మాలు గోకి, ఇటుకలు కడిగి, మొదటి నుంచి మొదలుపెట్టింది. అడుగున మన్ను దిమ్మిస కొట్టి గట్టిపరిచింది. ఇసుక ఎక్కువేసింది. ఒక్కో ఇటుక పెట్టి, తాపీ పిడితో కొట్టి, సుతిలికి తాకిందా లేదా అని ఒంటికన్నుతో చూసింది. మధ్యాహ్నం ముత్తన్నకు అన్నం కలిపి తినిపించేటప్పుడు కూడా ఆమె కళ్లు కిటికీ బయటే ఉన్నాయి.

"తలుపుకు గొళ్ళెం ఉండాలె," అన్నాడతను మెతుకులు నములుతూ.

"ఉన్నది పాతది. తుప్పు పట్టింది."

"ఇటియ్యి. గీకుత."

నోరు మూసుకుని ఉంటాడని గొళ్ళెం, గరుకు కాగితం ముక్క, కొబ్బరినూనె సీసా అతని పక్కన పడేసింది. అతను గొళ్ళాన్ని చంకకింద ఇరికించుకుని ఎడమచేత్తో రుద్దడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలేసరికి గోడ నడుం దాటింది.

"సాలు," అంది కిటికీ దగ్గరికొచ్చి. "ముసలి కుక్క. గింత ఎగురతదా?"

"ఇంకా లేపు. ఇయ్యాల గాకుంటె రేపు. నీ నెత్తి దాక లేపు."

"ఎందుకు?"

అతను గొళ్ళాన్ని ఇంకోసారి రుద్దాడు. "గొళ్ళెం లోపటి దిక్కు పెట్టు," అన్నాడు.

గంగుబాయి నవ్వింది. ఆ నవ్వు కూడా కోపంగానే ఉంది. "కుక్క ఏస్కుంటదా లోపట గొళ్ళెం?"

"కుక్క ఎన్నొద్దులుంటది?" ముత్తన్న గొళ్ళెం వైపే చూస్తూ అన్నాడు. "అది పోయినంక అండ్ల నువ్వు తానం చేద్దువు. లారీలోల్లకు కనవడకుంట."

లారీల సంగతి ఆమె అతనికి ఎన్నడూ చెప్పలేదు.

ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. నోరు తెరిచాక ఆగలేదు.

"ఎర్కనా నీకు? ఎర్కుండి ఊకున్నవా? గిన్నేండ్లు కుప్ప పక్కకెల్లి పోయినవ్, వచ్చినవ్. ఒక్క ఇటుక లేపినవా? ఇప్పుడు కుక్క ఉచ్చ పోసిన జాగల నేను తానం చెయ్యాల్నా? ఎవడు సూస్తడు నన్నిప్పుడు? ఫ్యాక్టరీ లేదు, లారీల్లేవు, నా పానంల పానం లేదు. ఇప్పుడు పుట్టిందా నీకు బుద్ధి?"

"గంగూ..."

కిటికీ తలుపు ధడాలున మూసేసింది.

ఆ ఊపులోనే మళ్లీ తాపీ అందుకుంది. మాలు విసిరినట్టు వేసింది, ఇటుకను కూలేసినట్టు పెట్టింది. చిత్రంగా ఆ వరుస అన్నిటికంటే తిన్నగా వచ్చింది. కిటికీ వెనక గరుకు కాగితం చప్పుడు వినబడుతూనే ఉంది. ఇంకొక వరుస. కుక్కకు అవసరం లేని ఎత్తు అని తెలుసు. ఎందుకు పెడుతోందో తనను తాను అడగలేదు. మధ్యలో ఎప్పుడో చప్పుడు ఆగిపోయింది. అలిగాడనుకుంది. అలగనీ.

రేకు తలుపు నిలబెట్టాక కేకేసింది. "అయ్యిందా గొళ్ళెం?"

జవాబు లేదు.

"మాట్లాడవా? మాట్లాడకు."

సిమెంటు చేతులతోనే లోపలికి వెళ్లింది. ముత్తన్న కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఇన్నాళ్లూ పక్కకు లాగిన మూతి సడలి, తిన్నగా అయింది. పెళ్లినాటి మొహంలా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. భుజం పట్టి కుదిపింది. ఇంకోసారి గట్టిగా కుదిపింది.

"జవాబు చెప్పకుంటనే పోయినవా," అంది. "గంత మాటన్న గద నేను. ఒక్క మాటన్న తిట్టిపోవద్దా?"

వాడకట్టు వాళ్లు వచ్చారు. ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకున్నారు. ఇంతమంది కొత్తవాళ్లను చూసి జానీ తాడు తెంపుకునేలా మొరిగింది. రాజేశ్వరే వెళ్లి, భయపడుతూనే దాని తాడు విప్పి, పచ్చిగోడకు తగలకుండా మెల్లగా లోపలికి తోలాడు. రేకు తలుపు నిలవలేదు. భుజం మీది తువ్వాల తీసి దాంతో కట్టాడు. తర్వాత గడప దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"తలుపుకు గొళ్ళెం ఉన్నదా అక్కా?"

గంగుబాయి ముత్తన్న ఎడమ పిడికిలి ఒక్కో వేలూ విప్పి గొళ్ళెం తీసింది. రాజేశ్వర్ చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"ఇది లోపటి దిక్కుది," అంది విసురుగా.

అతనికి అర్థం కాలేదు. ఆమె దాన్ని తీసుకెళ్లి కిటికీలో పెట్టింది. సగం దాకా తుప్పు వదిలి తెల్లగా మెరుస్తున్న ఆ ఇనుము మీద, నూనె తడిలో, ఆమె సిమెంటు వేలి అచ్చు ఒకటి అంటుకుని మెల్లగా గట్టిపడుతోంది.