సుశీల తరఫున

లాల్‌దర్వాజాలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే వైకుంఠానికి భార్య తరఫున మాట్లాడటం అలవాటు. సుశీలకు కీళ్లవాతం మొదలై చాలా ఏళ్లయింది. పొద్దున లేచేసరికి వేళ్లు, మోకాళ్లు, తుంటి బిగుసుకుపోయేవి. ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా డాక్టరు ఆమెను అడిగేవాడు, వైకుంఠం చెప్పేవాడు.

"రొట్టెలు చేస్తలేదు సార్. బట్టలు పిండుతలేదు."

డాక్టరు జాలిగా తలాడించి మందు పెంచేవాడు. రొట్టెలకు వచ్చిన కష్టం ఇద్దరికీ బాగా అర్థమైంది.

పడకలో వచ్చిన కష్టం గురించి ఎవరూ అడగలేదు. భర్త దగ్గరికి వస్తే ఆమె తుంటిలో మేకు దిగినట్టుండేది. లోపలంతా పొడిబారి మంట. కొన్నాళ్లు పళ్లు బిగబట్టి ఓర్చుకుంది, తర్వాత గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. వైకుంఠం బాగా ఆలోచించి, ఆమెకు తన మీద కోరిక తగ్గిందని తేల్చాడు. చార్మినార్ దగ్గర ఏదో చూర్ణం కొనితెచ్చి పాలల్లో కలిపిచ్చాడు. ఆమెకు విరేచనాలు పట్టుకున్నాయి.

"ఒంట్ల వేడి పోతున్నది, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ఒకరోజు ఆసుపత్రి వరండాలో సుశీలకు బిల్కీస్ పరిచయమైంది. హుస్సేనీ ఆలంలో బట్టలు కుట్టే ఆమెకూ ఇదే జబ్బు. వైకుంఠం టీకి వెళ్లిన సందులో సుశీల మనసులో మాట చెప్పేసింది. బిల్కీస్ నవ్వలేదు.

"నాకు గట్లనే ఉండె అక్కా. కొత్త డాక్టర్ మేడమ్‌కు చెప్పిన. సిగ్గు, శరమ్ పడితే నొప్పి తగ్గుతదా?"

వైకుంఠం తిరిగొచ్చాక ఇద్దరూ లోపలికి వెళ్తే, ఆ కొత్త డాక్టరమ్మే ఉంది. కీళ్లన్నీ చూశాక మామూలుగా అడిగింది. "భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పేమైనా ఉంటోందా?"

"ఏం లేదు మేడమ్. మంచిగనే ఉంటది," అన్నాడు వైకుంఠం.

"మీ సంగతి కాదండీ. ఆమెను అడిగాను."

"ఉంది మేడమ్," అంది సుశీల. "మస్తు ఏండ్ల సంది ఉంది."

వైకుంఠం ఫ్యాను వంక చూశాడు. ఈ జబ్బులో చాలామందికి ఇలా అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. కలిసే ముందు వేన్నీళ్ల స్నానం చేయమంది, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోమంది, పొడిబారినందుకు ఒక జెల్ చీటీలో రాసిచ్చింది. "ఆమె వద్దంటే మీరు ఆగాలి," అని ఫ్యానుకు కాకుండా వైకుంఠానికే చెప్పింది.

వీధంతా వినపడేలా బేరమాడే వైకుంఠం, మందుల షాపులో జెల్ అడగబోయి దగ్గు బిళ్లలు కొన్నాడు. సుశీల అతన్ని పక్కకు జరిపి తనే అడిగి తీసుకుంది.

దుకాణం మూసిన ఆదివారం మధ్యాహ్నం అతనే నీళ్లు కాచి పెట్టాడు.

"దిండు గిట్ల ఉంటే నొస్తున్నదా?"

"ఇంకొంచెం కిందికి జరుపు."

ఎన్నాళ్లకో ఆమె ఒంటికి నొప్పి కాని సంగతి ఒకటి గుర్తొచ్చింది. నవ్వింది.

మరుసటి వారం తుంటి మళ్లీ పట్టేసింది. "ఇయ్యాల వద్దు," అంది. వైకుంఠం మూతి ముడుచుకున్నాడు. ముడుచుకునే, ఆమె కాళ్లకు నూనె రాశాడు.