వెండి రంగు రెంచి

నేను ఒక పైపు రెంచిని. పంజాబులో ఒక కొలిమిలో పుట్టాను. ఎర్రగా కాల్చి, సమ్మెటతో మోది నాకు ఆకారం తెచ్చారు. చల్లారాక నోట్లో పళ్లు కోసి, మెడ దగ్గర ఒక మర బిగించారు. ఆ మర ఇటు తిప్పితే నా నోరు తెరుచుకుంటుంది, అటు తిప్పితే మూసుకుంటుంది. పైపును కరిచి పట్టుకుని తిప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు.

ఎవరో ఒక ప్లంబరు నన్ను కొనుక్కుంటాడనీ, రోజూ తడిచేతుల్లో తిరుగుతాననీ కలలు కన్నాను. కానీ నాకు చదువుల యోగం పట్టింది. ప్రకాశం జిల్లాలో, నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఒక చిన్న ఊరి వృత్తి శిక్షణ కేంద్రంలో నన్ను అద్దాల బీరువాలో పెట్టారు.

ఆ బీరువాకు అధిపతి స్టోరు కీపరు మస్తాన్ వలి. చాలా మంచివాడు. వస్తువంటే ప్రాణం. ఆ ప్రేమ కొద్దీ ఏ వస్తువునూ ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ప్రతి దసరాకూ మమ్మల్నందరినీ బల్ల మీద పరిచి, సన్న కుంచెతో వెండి రంగు వేసేవాడు. పిడికి వేసి ఊరుకుంటే బాగుండేది. నా పళ్లకూ వేశాడు, నా మరకూ వేశాడు. రెండో దసరాకు నా నోరు మూతపడిపోయింది. అప్పుడు నాకు కుంకుమ బొట్టు పెట్టి, నా ముందు కొబ్బరికాయ కొట్టి, పనిముట్టును గౌరవించడం మన సంప్రదాయమని పిల్లలకు చెప్పారు. తనిఖీకి వచ్చిన అధికారులు బీరువా చూసి, ఇంత బాగా ఉంచిన పరికరాలు జిల్లాలో లేవని మెచ్చుకుని వెళ్లారు.

మెచ్చుకోవడానికి అక్కడ ఇంకొకటి కూడా ఉండేది. ప్రిన్సిపాలు గది కిటికీ కింద గులాబీ తోట. దాని రహస్యం చెబుతాను. ఆయన స్నానాలగదిలో పంపు కారుతుండేది. అటెండరు కింద బకెట్టు పెట్టి, నిండినప్పుడల్లా మొక్కలకు పోసేవాడు. ప్లంబింగు నేర్పే చోట పంపు కారుతోందేమని అడిగినవాళ్లు లేరు. మరీ ఎక్కువగా కారితే బజారు నుంచి బ్రహ్మం అనే ప్లంబరును పిలిపించేవారు. బ్రహ్మం ఏ బడిలోనూ ప్లంబింగు చదవలేదు కాబట్టి అతన్ని వెనక గుమ్మంలోంచి తీసుకువెళ్లేవారు.

పాఠాలు చెప్పే వెంగళరావు మాస్టారు మాత్రం గొప్ప వక్త. పైపు చివర మరలకు తెల్లటి టేపు చుట్టి బిగిస్తే నీరు కారదని ఆయన చెబుతుంటే వినడానికి ఎంతో బాగుండేది. తరగతికి ఎదురుగా నిలబడి, పైపు పైకెత్తి, టేపు చుట్టి చూపించేవారు. ఎదురుగా కూర్చున్న కుర్రాళ్లు ఆయన చెయ్యి తమకు ఎటు తిరుగుతున్నట్టు కనిపిస్తే అటే చుట్టేవారు. అద్దంలో చూసి తల దువ్వుకున్నట్టన్నమాట. అలా చుట్టిన టేపు బిగించేకొద్దీ ఊడి వస్తుంది. కానీ ఆ సంగతి తెలియాలంటే పైపులో నీళ్లు రావాలి కదా. పెరట్లో పెద్ద గోడకు అమర్చిన నమూనా పైపులన్నీ నీళ్లు ఎరగనివే. ఏళ్ల తరబడి తరగతి తరగతంతా టేపు తిరగేసి చుట్టి, ఫస్టు క్లాసులో పాసై వెళ్లిపోయింది.

అలాంటి చోటికి రాహేలు వచ్చింది. కుట్టుపని కోర్సులో సీట్లు అయిపోతే ఆ పిల్లను ప్లంబింగులో వేశారు. తరగతిలో ఒక్కతే ఆడపిల్ల. మాట బయటికి రావాలంటే ముందు చున్నీ కొన పది మెలికలు తిరగాలి. మగపిల్లల మధ్య ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక మాస్టారు ఆమెకు తన వెనక, నా బీరువా పక్కన స్టూలు వేయించారు. "నీకు రెంచీలతో పనేముందమ్మా, బొమ్మలు నీటుగా వేసుకో, పాస్ చేయిస్తాగా" అన్నారు దయగా. వెనక కూర్చోవడం వల్ల ఆయన చెయ్యి నిజంగా ఎటు తిరుగుతోందో ఆ కేంద్రం మొత్తానికి ఆమె ఒక్కతికే కనిపించేది. దూరంగా పెట్టడమే చదువైపోయింది.

ఆమెకు ఆ సర్టిఫికెట్టు ఊరికే గోడకు తగిలించుకోవడానికి కాదు. వాళ్ల ఊళ్లో మంచినీళ్ల లైను చూసుకునే సహాయకుడి పని ఖాళీగా ఉంది. ప్లంబింగు పాసైనవాళ్లకే ఇస్తామని పంచాయతీ చెప్పింది. వాళ్ల పేటకు వచ్చే పైపు, ఇక్కడ చదివినవాళ్లు అతికిందే, దారి పొడుగునా కారుతుంది. పేట దాకా వచ్చేసరికి పంపులోంచి గాలి చప్పుడు తప్ప ఏమీ రాదు. పొద్దున బయల్దేరేటప్పుడు వాళ్లమ్మ ఒకటే అడిగేదట. "నువ్వు అతికితే మనింటిదాకా వస్తయ్యా నీళ్లు?"

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం, మస్తాన్ వలి నమాజుకు వెళ్తూ బీరువా తాళం వేయడం మరిచిపోయాడు. రాహేలు నన్ను తీసుకుని పెరట్లో కూర్చుంది. గుడ్డ ముక్క కిరసనాయిల్లో ముంచి, నా పళ్ల సందుల్లో, మర గాడుల్లో మొండిగా తోమింది. ఏళ్ల దసరాలు పెచ్చులుగా రాలాయి. మర కిర్రుమని కదిలింది. నేను నోరు తెరిచాను. ఆవలింత ఎంత హాయో అప్పుడు తెలిసింది.

పరీక్షకు బయటి నుంచి ఒక ఎగ్జామినరు వచ్చారు. ఇస్త్రీ ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. గోడ మీది పైపు వరసలో తలా ఒక అతుకు వేయాలి. కుర్రాళ్లు నోరు మూతపడిన రెంచీలను గదల్లా పట్టుకుని ఫొటో దిగి, ఆ తర్వాత చేత్తో బిగించారు. రాహేలు వెనక నుంచి చూసినట్టే టేపు చుట్టి, నాతో బిగించింది. ఎగ్జామినరు ఒక్కొక్క అతుకునూ పెన్నుతో టకటక కొట్టి, తలాడించి మార్కులు వేస్తున్నారు. ప్రిన్సిపాలు ఇంట్లో కోడి పలావు ఆరిపోతోంది.

ఆయన రాహేలు అతుకు దగ్గరికి రాగానే ఆమె చున్నీ కొన మెలికలు తిరిగింది. "సార్, నీళ్లు వదిలి చూడొచ్చా?"

ఆయనకు వినపడలేదు. వెనకనున్న కుర్రాళ్లకు వినపడింది. "నోర్ముయ్యవే తల్లీ, నీకు దణ్ణం పెడతా" అని ఒకడు గొణిగాడు. ఆమె మళ్లీ అడిగింది, ఈసారి కాస్త గట్టిగా. మాస్టారు నవ్వి, వదలనీయండి, చూద్దాం అన్నారు. పాపం, తన పాఠం మీద ఆయనకు నిజంగానే నమ్మకం.

రాహేలు పెరట్లో చేతులు కడుక్కునే పంపు నుంచి గోడ పైపులకు రబ్బరు గొట్టం తగిలించి తిప్పింది. గోడ ఒక్కసారిగా జల్లెడైంది. ఎక్కడ అతుకుంటే అక్కడ చిమ్మింది. టేపు పోగులు బయటికొచ్చి తోరణాల్లా వేలాడాయి. ఒక ధార సూటిగా ఎగ్జామినరు ప్యాంటును పలకరించింది. ఆ వరసలో ఒక్క అతుకు పొడిగా ఉంది. రాహేలు దానికేసి చూస్తూ ఉండిపోయింది. వాళ్లమ్మ ప్రశ్నకు జవాబు దొరికినట్టుంది.

అందరూ ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు అంతా వినిపించింది. తరగతినంతా ఫెయిల్ చేస్తే కేంద్రం మూతపడుతుందన్నారు. ఒక్క అమ్మాయినే పాస్ చేస్తే జనం నవ్వుతారన్నారు. చివరికి ఎగ్జామినరు గారే ప్యాంటు పిండుకుంటూ దారి కనిపెట్టారు.

"అసలు నీళ్లు సిలబస్‌లో లేవండీ" అన్నారు.

అందరికీ ప్రాణం లేచొచ్చింది. పొడి అతుకులకు వేసిన మార్కులు అలాగే ఉంచారు. కుర్రాళ్లంతా పాసయ్యారు. రాహేలు మాత్రం రంగు ఊడగొట్టి పరికరాన్ని పాడుచేసినందుకూ, సిలబస్‌లో లేని పని చేసినందుకూ ఫెయిలైంది. పలావు వేడి చేయించుకున్నారట.

లైను సహాయకుడి పని, దణ్ణం పెడతానన్న కుర్రాడికి వచ్చింది.

నా తీర్పు కూడా అప్పుడే అయింది. తనిఖీలో మెరిసేవన్నీ మంచి స్థితిలో ఉన్నట్టు తేల్చారు. రంగు పోయిన నన్ను పనికిరాని సామాను కింద రాసి వెనక తుక్కులో పడేశారు. తన సామాను తీసుకెళ్లడానికి వచ్చిన రాహేలు నన్ను చూసి ఆగింది. "తీసకపో బిడ్డా, అది పనికిరాంది" అన్నాడు మస్తాన్ వలి, ఎటో చూస్తూ. ఆయన జీవితంలో బీరువా దాటి వస్తువు ఇచ్చింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నేను ఒక గోనె సంచిలో ఉంటాను. రాహేలు బ్రహ్మం దగ్గర పనికి కుదిరింది. తడి, తుప్పు, బురద, అన్నీ చూశాను. ఒక పన్ను కూడా విరిగింది. సుఖంగా ఉన్నాను.

మొన్న బ్రహ్మానికి మోకాలి నొప్పి వచ్చి, ప్రిన్సిపాలు గారి పంపు బాగుచేయడానికి ఆమెనే పంపాడు. వెనక గుమ్మంలోంచే వెళ్లాం. పాత టేపు పీకి, కొత్తది చుట్టి, నాతో బిగించింది. కారడం ఆగింది. ప్రిన్సిపాలు ఆమెను గుర్తుపట్టలేదు. పంపు తిప్పి చూసుకుని మురిసిపోయారు.

"భలే చేశావే. ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఈ పని?"

రాహేలు నన్ను గుడ్డతో తుడిచి సంచిలో పెట్టింది. చున్నీ కొన కదల్లేదు.

"ఇక్కడే ఫెయిలయ్యానండీ" అంది.

నిన్న బజార్లో మస్తాన్ వలి కనిపించి ఒక సంగతి చెప్పాడు. బకెట్టు నిండక గులాబీ మొక్కలు ఎండిపోతున్నాయట. వచ్చే వారం తనిఖీ ఉందట. ఆ అమ్మాయి పంపుకు ఏదో చేసి పాడుచేసిందని, దాన్ని మళ్లీ మునుపటిలా చేయించమని ప్రిన్సిపాలు గారు బ్రహ్మానికి కబురు పెట్టారట.